చిన్నకోడలింటి నీళ్ళు

మా అత్తగారు ఉప్పాడలో నెల్లాళ్ళుండి తిరిగొచ్చిన రోజున, నేనిచ్చిన మంచినీళ్ళు రెండు గుక్కలు తాగి గ్లాసు గట్టు మీద పెట్టేశారు.

"ఏం అత్తయ్యా, చల్లగా లేవా?" అన్నాను.

"అదేం కాదమ్మా. చిన్నదానింట్లో నీళ్ళు తాగి తాగి ఇవి నోటికి ఆనట్లేదు. వాళ్ళు మెషిన్ పెట్టించారుగా. ఎంత తేలిగ్గా ఉంటాయనుకున్నావ్! ఓ గ్లాసు తాగితే ఇంకో గ్లాసు తాగాలనిపిస్తుంది" అన్నారు.

ఆవిడ ఏ కల్మషం లేకుండానే అన్నారు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. రాజమండ్రిలో కూర్చుని, గోదారి నీళ్ళు చేతిలో పెట్టుకుని, ఉప్పాడ నీళ్ళు బాగున్నాయనడమా? ఉప్పాడంటే సముద్రపు ఒడ్డు. బోరు వేస్తే పడేది ఉప్పునీళ్ళు. మా మరిది మా ఇంటికొచ్చినప్పుడల్లా తిరిగి వెళ్ళేటప్పుడు నాలుగు సీసాల నిండా మా నీళ్ళు పట్టుకెళ్ళేవాడు. అలాంటిది ఇప్పుడు వాళ్ళ నీళ్ళకి పేరొచ్చింది.

మా సంగతి కొంచెం చెప్పాలి. మా వారికి మెయిన్ రోడ్డులో స్టీలు సామాన్ల కొట్టు. మరిదిది చీరల వ్యాపారం. నేతవాళ్ళ దగ్గరే ఉంటే పని బాగా సాగుతుందని పెళ్ళయిన కొత్తలోనే ఉప్పాడలో కాపురం పెట్టాడు. అత్తగారు ఇరవై రెండేళ్ళుగా నా దగ్గరే ఉన్నారు. ఏడాదికోసారి నెల్లాళ్ళు చిన్నకొడుకు ఇంటికి వెళ్ళొస్తారు.

నా తోటికోడలు నాకంటే ఎనిమిదేళ్ళు చిన్నది. ఆమె ఈ ఇంటికి వచ్చిన రోజు నుంచీ నాకు ఆమెంటే కుళ్ళు. దాచుకునే వయసు దాటిపోయింది గనక రాసేస్తున్నాను. నేను ఇంటర్ మధ్యలో ఆపేస్తే ఆమె డిగ్రీ పూర్తి చేసింది. నేను గట్టిగా మాట్లాడతాను, ఆమె మెల్లగా మాట్లాడుతుంది. నేను ఏళ్ళ తరబడి రోజూ పప్పుచారు కాస్తే ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆమె కొత్తగా వచ్చినప్పుడు ఒక్కసారి కాచింది. మా అత్తగారు రెండోసారి వడ్డించుకుని, "చేతిలో అమృతం ఉందే నీకు" అన్నారు. రోజూ ఉండేవాళ్ళకి పేరు రాదు, ఎప్పుడో ఒకసారి కనబడేవాళ్ళకే పేరు. ఆ సంగతి తెలిసి కూడా ఆ రోజు నేను అన్నం సరిగ్గా తినలేదు.

అప్పటికి మా ఇంట్లో ఉన్నది మా కొట్లోంచి తెచ్చుకున్న పాత స్టీలు ఫిల్టరు. పైన ఒక డబ్బా, కింద ఒక డబ్బా, మధ్యలో నీళ్ళు వడగట్టే రెండు తెల్లటి క్యాండిళ్ళు. ఆదివారం ఆదివారం ఆ క్యాండిళ్ళని బ్రష్షుతో రుద్ది కడిగి ఎండలో పెట్టేదాన్ని. ఆ ఫిల్టరంటే నాకు గర్వంగానే ఉండేది. అత్తగారు గ్లాసు గట్టు మీద పెట్టాక అదే ఫిల్టరు నాకు వెలిసిపోయినట్టు కనబడింది.

ఆ సాయంత్రమే తోటికోడలు ఫోన్ చేసింది.

"అక్కా, అత్తయ్యగారు బాగా చేరారా?"

"చేరారు. వచ్చినప్పటి నుంచీ మీ నీళ్ళ మహిమే చెబుతున్నారు."

ఆమె నవ్వింది. "మాకు తప్పక పెట్టించుకున్నామక్కా. ఆ ఆర్‌ఓ లేకపోతే మా నీళ్ళు నోట్లో పోసుకోలేం. మీకెందుకు అదంతా? మీవి గోదారి నీళ్ళు. మామూలు ఫిల్టరు ఏదైనా సరిపోతుంది మీకు."

మామూలు ఫిల్టరు. ఆ మాట నాకు పంటి కింద రాయిలా తగిలింది. ఆమెకైతే మెషిన్, నాకైతే మామూలుది. నేను అలాంటిది కొనకుండా ముందే అడ్డుపుల్ల వేస్తోందని అనుకున్నాను. నా ఇంట్లో కూడా మెషిన్ ఉంటే ఆమె ఇంటి గొప్ప తగ్గిపోదూ! ఆమె చెప్పిన దానికి సరిగ్గా ఎదురు చెయ్యాలని అప్పుడే నిర్ణయించేసుకున్నాను.

మర్నాడు పేపర్లో పెట్టి పంచిన ఒక కరపత్రం మీద నంబరు చూసి ఫోన్ చేశాను. మధ్యాహ్నానికే ఒకతను టై కట్టుకుని, పెద్ద బ్యాగుతో వచ్చాడు. మా కుళాయి నీళ్ళు ఒక గ్లాసులో పోశాడు, తను తెచ్చిన నీళ్ళు ఇంకో గ్లాసులో పోశాడు. రెండింట్లోనూ కడ్డీలున్న ఒక పరికరం ముంచి కరెంటు పెట్టాడు. చూస్తూ చూస్తూ ఉండగానే మా నీళ్ళు గోధుమరంగులోకి తిరిగి, నల్లగా మడ్డి కట్టాయి. అతని నీళ్ళు మాత్రం తేటగానే ఉన్నాయి.

"ఇన్నాళ్ళూ మీరు తాగుతున్నది ఇదేనండి అమ్మా" అన్నాడు.

మా అత్తగారు చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నేను కూడా హడలిపోయాను. కానీ నిజం చెప్పాలంటే భయం కంటే నాకు కలిగింది సంతోషం. కొనడానికి సాకు దొరికింది.

"ఎన్ని లీటర్లది కావాలండి?" అని అడిగాడతను.

వాళ్ళది ఎన్ని లీటర్లదో నాకు తెలియదు. వంటింట్లోకి వెళ్ళి మరిదికి ఫోన్ చేశాను. ఏదో చీర రంగు గురించి మాట్లాడుతూ మాట్లాడుతూ, "అన్నట్టు మీ మెషిన్ ఎన్ని లీటర్లదయ్యా?" అన్నాను.

"ఎనిమిది లీటర్లు వదినా. ఏం?"

"ఏం లేదు, అత్తయ్యగారు చెబుతుంటేను."

నేను పన్నెండు లీటర్లది చెప్పాను. ఉన్న వాటిల్లో నీళ్ళని వడగట్టే స్టేజీలు ఎక్కువున్నది ఏదంటే అది. మా వారు కొట్టు నుంచి భోజనానికి వచ్చి సంగతి విని, "ముందు మన నీళ్ళు ఎక్కడైనా పరీక్ష చేయిద్దాం. అవసరమో కాదో తెలుస్తుంది కదా" అన్నారు.

"మీ తమ్ముడు వాళ్ళావిడని అలాగే అడిగాడా?" అన్నాను.

ఆయన పెరుగన్నం కలుపుకున్నారు.

మూడో రోజున వంటింటి గోడకి మెషిన్ బిగించారు. నల్లటి అద్దంలాంటి ముందుభాగం, నీలంరంగు లైటు. ఫోటో తీసి మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టాను. తోటికోడలు చూసిందో లేదో అని పదిసార్లు ఫోన్ తీసి చూశాను. గంట తరవాత "చాలా బాగుందక్కా" అని పెట్టింది. ఆ గంటసేపూ ఏం చేస్తోందా అని ఆలోచించాను. ఏడుస్తోందనుకుని తృప్తిపడ్డాను కూడా.

మొదటి గ్లాసు అత్తగారికే ఇచ్చాను.

"బాగానే ఉన్నాయమ్మా."

"ఉప్పాడ నీళ్ళలా ఉన్నాయా?"

ఆవిడ ఇంకో గుక్క తాగారు. "కొంచెం చప్పగా ఉన్నాయేమో. అలవాటైతే బాగుంటాయిలే" అన్నారు.

నాకూ చప్పగానే ఉన్నాయి. ఎంత తాగినా దాహం తీరినట్టుండేది కాదు. కానీ ఒప్పుకుంటేగా! శుభ్రమైన నీళ్ళు ఇలాగే ఉంటాయని మా వారికి చెప్పేదాన్ని. ఇంకో గొడవేంటంటే, ఆ మెషిన్ ఒక బిందెడు మంచినీళ్ళిస్తే, పక్కనున్న సన్న పైపులోంచి రెండు బిందెలు వృథాగా సింకులోకి వదిలేది. మొదట్లో బకెట్ పెట్టి ఆ నీళ్ళతో వాకిలి కడిగేదాన్ని. తరవాత తరవాత మర్చిపోయేదాన్ని. పగలు పది దాటేసరికి మేడమీది ట్యాంకు సగమయ్యేది. మా వారు మోటారు వేస్తూ నావైపు ఒక చూపు చూసేవారు, అంతే.

శ్రావణంలో వానలు పట్టుకున్నాయి. అప్పట్లో మా అత్తగారు రోజూ పొద్దున్నే రాగిచెంబు పట్టుకుని పెరట్లోకి వెళ్ళడం చూస్తుండేదాన్ని. తులసికోటలో పోయడానికనుకున్నాను. ఒక తెల్లవారుజామున ఆవిడకి వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. మధ్యాహ్నానికి మనిషి వడిలిపోయారు. నర్సింగ్‌హోంలో చేర్చి సెలైన్ ఎక్కించారు.

డాక్టరుగారు, "ఏ నీళ్ళు తాగుతున్నారండి ఇంట్లో?" అని అడిగారు.

"మాది ఆర్‌ఓ అండి. పన్నెండు లీటర్లది" అన్నాను. ఆ సమయంలో కూడా లీటర్లు చెప్పాను.

మంచం మీంచి అత్తగారు నీరసంగా అన్నారు. "నేను ఆ నీళ్ళు తాగట్లేదు బాబూ. పెరట్లో కుళాయి నీళ్ళు చెంబుతో పట్టుకుని తాగుతున్నాను."

పెరట్లో కుళాయికి నీళ్ళొచ్చేది మేడమీది ట్యాంకులోంచి. మా వారు ఇంటికెళ్ళి పైకెక్కి చూశారు. గాలికి మూత జరిగిపోయి ఉంది. లోపల పావురాల ఈకలు, రెట్టలు. మెషిన్ కొన్న దగ్గర్నుంచీ ట్యాంకు కడిగించాలన్న ధ్యాసే నాకు లేదు. మెషిన్ ఉండగా ట్యాంకు సంగతెందుకనుకున్నాను.

"నచ్చలేదని నాతో ఒక్క మాట చెప్పకూడదా అత్తయ్యా?" అన్నాను ఆవిడ పక్కన కూర్చుని.

"చెబితే నువ్వు చిన్నబుచ్చుకుంటావు కదే. అంత ముచ్చటపడి కొనుక్కున్నావు" అన్నారు.

నాకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపులో కూడా ఒక పురుగు తొలుస్తూనే ఉంది. చిన్నకోడలి దగ్గరైతే నచ్చకపోతే నచ్చలేదని మొహమ్మీదే అనేస్తారు. నా దగ్గరే ఎందుకీ దాపరికం? ఇరవై రెండేళ్ళు కలిసుండి నేను సంపాదించుకున్నది ఇదా?

కబురు తెలిసి మర్నాడు మొదటి బస్సుకే తోటికోడలు దిగింది. ఆమెని చూడగానే అత్తగారి మొహం విప్పారింది. నేను ఫ్లాస్కు కడిగే వంకతో బయటికి వెళ్ళిపోయాను.

మధ్యాహ్నం ఇద్దరం ఇంటికొచ్చాం. ఆమె మా మెషిన్ నీళ్ళు ఒక గ్లాసు పట్టుకుని తాగింది, ఏదో ఆలోచిస్తున్నట్టు ఆగింది. "ఏమీ అనుకోకండి అక్కా, ఒక్కసారి చూడనా?" అని హ్యాండ్‌బ్యాగులోంచి పెన్నులాంటి మీటరు తీసింది. దాన్ని మా మెషిన్ నీళ్ళలో ముంచితే తొమ్మిది చూపించింది. వంటింటి కుళాయి నీళ్ళలో ముంచితే నూట అరవై.

"ఇది నీళ్ళలో కరిగిన ఉప్పులవీ లెక్క చెబుతుందక్కా. మా బోరు నీళ్ళల్లో పెడితే రెండు వేలు దాటిపోతుంది. మెషిన్లోంచి వచ్చాక నూట పాతిక ఉంటుంది. అంటే మేం ఇంత తంటాలు పడి తెచ్చుకునేది మీ కుళాయిలో వచ్చేలాంటి నీళ్ళనే. మీరు ఆ ఉన్న కాస్తా కూడా తీసేస్తున్నారు. అందుకే చప్పగా ఉన్నాయి."

"మరి అతను కరెంటు పెట్టి చూపిస్తే మా నీళ్ళు మడ్డి కట్టాయే!"

"ఆ కడ్డీ ఇనుమక్కా. కరెంటు పెడితే ఆ ఇనుమే కరిగి తుప్పు రంగొస్తుంది. వాళ్ళ గ్లాసులో ఉప్పులే ఉండవు గనక కరెంటు పారదు, రంగు రాదు. మా ఇంటికొచ్చి కూడా ఇదే చూపించారు."

"నువ్వు నమ్మలేదా?"

"ఎందుకు నమ్మలేదూ, నేనూ హడలిపోయాను. తరవాత తెలిసింది." ఆమె మీటరు తుడిచి మూత పెట్టింది. "కానీ ఈ మీటరు క్రిముల సంగతి చెప్పదక్కా. అత్తయ్యగారికి జబ్బు చేసింది వాటివల్లే. మీకు కావలసింది ఉప్పు తీసేది కాదు, క్రిముల్ని చంపేది."

నేను ఉక్రోషంతో, "ఇవన్నీ ఎప్పుడు నేర్చుకున్నావమ్మా నువ్వు?" అన్నాను.

ఆమె మీటరు బ్యాగులో పెట్టుకుంది. "ఆయనకి కిడ్నీలో రాళ్ళొచ్చినప్పుడు" అంది.

"మా మరిదికా? ఎప్పుడు?"

"ఏడాది కావస్తోంది. రోజుకి మూడు నాలుగు లీటర్ల నీళ్ళు తాగాలన్నారు డాక్టరు. మా ఊరి నీళ్ళు అన్ని తాగడం ఎవరి తరం? టిన్నులు తెప్పించేవాళ్ళం, ఓ రోజొస్తే ఓ రోజు రావు. ఆయన నెప్పితో నేలమీద దొర్లుతుంటే చూడలేక, అందర్నీ అడిగి తెలుసుకుని ఆ మెషిన్ పెట్టించాను."

"నాకు చెప్పలేదేం?"

"అత్తయ్యగారికి చెప్పామక్కా."

ఇక్కడ నేను జాలిపడ్డానని రాస్తే అబద్ధమవుతుంది. ముందు నాకు కలిగింది అసూయే. మరిదికి అంత బాధ వస్తే ఆ కబురు అత్తగారికి తెలుసు, మా వారికి కూడా తెలిసే ఉంటుంది, నాకు మాత్రం తెలియదు. వాళ్ళందరి మధ్యా ఒక రహస్యం ఉంది, అందులో నాకు చోటు లేదు.

"నేనేమన్నా పరాయిదాన్నా?" అన్నాను.

ఆమె తల వంచుకుని, "మీతో ఏం చెప్పినా గొప్పలకి చెబుతున్నామనుకుంటారేమోనని భయమక్కా" అంది.

ఆ మాట ఆమె మెల్లగానే అంది. నేను పొయ్యి మీద పాలు పెట్టి, అవి పొంగేదాకా ఇటు తిరగలేదు.

అత్తగారు ఇంటికొచ్చాక నాలుగు రోజులకి ఇద్దరం కలిసి మెయిన్ రోడ్డులో ఫిల్టర్ల షాపుకి వెళ్ళాం. ఈ లోపల ట్యాంకు కడిగించి, బ్లీచింగ్ వేయించి, కొత్త మూత పెట్టించాం. షాపతను మళ్ళీ ఆర్‌ఓ వైపే చెయ్యి చూపించాడు. తోటికోడలు నెమ్మదిగా, "అది కాదండి, క్రిముల్ని చంపే యూవీ లైటుండి, బురద ఆపే జల్లెడ ఉన్నది చూపించండి చాలు. లోపలి ఫిల్టర్లు ఎన్నాళ్ళకి మార్చాలి? మార్చే మనిషి ఈ ఊళ్ళోనే ఉంటాడా?" అని అడిగింది. ఆమె అడిగే తీరు చూస్తుంటే నాకు మళ్ళీ కుళ్ళు మొదలైంది. నేనూ ఒకటి అడగాలనిపించింది.

"కరెంటు పోతే ఎలాగండి?" అన్నాను.

"అప్పటికే శుభ్రమైన నీళ్ళు ఫిల్టరు లోపలి ట్యాంకులో ఉంటాయి కదండి, అవి పట్టుకోవచ్చు. లైటు వెలగనప్పుడు మాత్రం కొత్త నీళ్ళు పట్టకూడదండి" అన్నాడు.

"నాకు తట్టనే లేదక్కా, మంచి మాట అడిగారు" అంది తోటికోడలు. నిజంగా అందో నన్ను సంతోషపెట్టడానికి అందో ఇప్పటికీ తెలియదు. సంతోషమైతే వేసింది.

ఏడు లీటర్ల చిన్న ఫిల్టరు తీసుకున్నాం. ఇక పన్నెండు లీటర్ల మెషిన్ ఏం చెయ్యాలి? తోటికోడలే ఒక దారి చెప్పింది. వాళ్ళ వెనకవీధిలో మగ్గం మీద వీళ్ళకి చీరలు నేసే కుటుంబం ఉంది. నేసే ఆవిడ కిలోమీటరు దూరం నుంచి టిన్ను మోసుకొస్తుంది. వాళ్ళకిస్తే బాగుంటుందంది. మంచి ఆలోచనే. కానీ నా బుద్ధి ఎక్కడికి పోతుంది? ఈమె చేతికిచ్చి పంపితే ఆ ఊళ్ళో పేరంతా ఈమెకే వస్తుందనుకున్నాను. "నేనే తెచ్చి పెట్టిస్తాను" అన్నాను.

అలా ఆ తరవాతి ఆదివారం మెషిన్ కారులో పెట్టుకుని నేనూ మా వారూ ఉప్పాడ వెళ్ళాం. ఇన్నేళ్ళలోనూ ఆ ఇంటికి పొద్దున్న వెళ్ళి సాయంత్రానికి వచ్చేయడమే తప్ప ఒక రాత్రి ఉన్నది లేదు. ఈసారి ఉండిపోయాం.

మర్నాడు పొద్దున్న స్నానానికి వెళ్ళాను. సబ్బు ఎంత రుద్దినా నురగ రాలేదు. తలమీద నీళ్ళు పోసుకుంటే పెదాలు ఉప్పగా అయ్యాయి. కుంకుడుకాయ రసం పోసి ఎంత రుద్దినా జిడ్డు వదలదు, జుట్టు కొబ్బరిపీచులా చిక్కుపడిపోయింది. కుళాయి మెడ చుట్టూ తెల్లటి పెచ్చు కట్టి ఉంది. వంటింట్లోకి వెళితే, వాళ్ళ గృహప్రవేశానికి మా కొట్లోంచి నేను తెచ్చిచ్చిన స్టీలు బిందెలు కనబడ్డాయి. ఎంత తోమినా మెరుపు పోయి, లోపల సున్నం కొట్టినట్టున్నాయి. తోటికోడలు పొయ్యి దగ్గర అట్లు వేస్తోంది. వెనకనుంచి ఆమె జడ చూశాను. పెళ్ళినాడు నా మణికట్టంత లావుండేది. సన్నబడిపోయిందని ఆ మధ్య ఒక పెళ్ళిలో నేనూ మా చెల్లెలూ చాటుగా నవ్వుకున్నాం.

ఆమె పధ్నాలుగేళ్ళుగా రోజూ ఈ నీళ్ళతోనే స్నానం చేస్తోంది. ఒక్కనాడూ నాతో అనలేదు.

"ఇంక రాజమండ్రి ఎప్పుడొచ్చినా మా ఇంట్లోనే తలంటుకో. కుంకుళ్ళు కొట్టి ఉంచుతాను" అన్నాను. అంతకంటే మంచి మాట నాకు తోచలేదు.

ఆమె అట్లకాడ పట్టుకునే వెనక్కి తిరిగి, "అలాగే అక్కా" అంది.

పదింటికి మెకానిక్ వచ్చి నేతవాళ్ళింట్లో మెషిన్ బిగించాడు. ఇరుకు గది, సగం గదిలో మగ్గమే ఉంది. నీళ్ళు తయారవడానికి చాలాసేపు పట్టింది. వృథా నీళ్ళ పైపుకింద తోటికోడలు చెప్పి మరీ బకెట్ పెట్టించింది. మొదటి గ్లాసు నిండాక ఆ ఇంటావిడ దాన్ని రెండు చేతులతో పట్టుకుని నా పక్కనుంచి వెళ్ళి తోటికోడలికి ఇచ్చింది. "మీ దయవల్ల అమ్మా" అంది.

నా ముఖం వేడెక్కింది. కారులో ఒళ్ళో పెట్టుకున్నంత జాగ్రత్తగా తెచ్చింది నేను. "ఇచ్చింది నేనమ్మా" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. తోటికోడలు నావైపు చూసి, "ఇది అక్కయ్యగారు..." అని మొదలుపెట్టబోయింది.

నేను ఆమె చెయ్యి పట్టుకుని ఆపాను. "తాగమ్మా ముందు. ఎలా ఉన్నాయో చెప్పు" అన్నాను.

ఆమె తాగింది. ఆ ఇంటావిడ కూడా ఒక గ్లాసు తాగి, ఇంకో గ్లాసు పట్టుకెళ్ళి మగ్గం దగ్గరున్న భర్తకిచ్చింది. ఆయన నేత ఆపి, గటగటా తాగేసి, ఖాళీ గ్లాసు మళ్ళీ చాపాడు.

తిరిగొస్తుంటే పిఠాపురం దాటాక మా వారు అడిగారు. "ఇప్పటికైనా నీ కుళ్ళు తీరిందా?"

"తీరలేదు" అన్నాను. "ఆ నేతవాళ్ళావిడ నాకు కూడా ఓ గ్లాసు ఇస్తే బాగుండేది."

ఆయన పెద్దగా నవ్వారు. నాకు కూడా నవ్వొచ్చింది, కానీ నేనన్నది నిజమే.